సభాపతికి సగపాలు

నిండు సభలో ద్రౌపదికి పరాభవం జరుగుతుంటే కురువృద్ధులు అడ్డుకోలేదు. అప్పుడు విదురుడు వారికి పూర్వం కశ్యపుడు ప్రహ్లాదుడికి చెప్పిన ధర్మనిర్ణయాన్ని వినిపించాడు. నింద్యమైన పని సభలో జరిగినప్పుడు ఎవరూ దాన్ని ఖండించకపోతే, ఆ పాపంలో సగం సభాపతిది. పావు పాలు చేసినవాడిది. మిగిలిన పావు పాలు చూసి ఊరకున్న సభ్యులది. చేసినవాడికంటె జరగనిచ్చినవాడికే పెద్ద వాటా వేసిన లెక్క ఇది. డీప్‌ఫేక్‌ల కాలంలో దీన్ని మళ్లీ చదువుకోవలసిన అవసరం వచ్చింది.

2023 నవంబరులో నటి రష్మిక మందన్న ముఖాన్ని మరొక యువతి దేహానికి అతికించిన డీప్‌ఫేక్ వీడియో దేశమంతా తిరిగింది. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు ఆంధ్రప్రదేశ్‌కు చెందిన ఒక యువకుణ్ణి అరెస్టు చేశారు. అభిమానుల పేజీకి ఫాలోవర్లను పెంచుకోవడానికే ఈ పని జరిగిందని వారు చెప్పారు. పగ లేదు, వైరం లేదు, ఉన్నది అభిమానమట! ఆ అభిమానం ఒకరి ముఖాన్ని, మరొకరి దేహాన్ని దోచుకుంది. ఇద్దరిలో ఒక్కరినైనా అడగలేదు.

నాయనా, ‘నిజం కాదు కదా, బొమ్మే కదా’ అని సమాధానపడకు. బొమ్మ అబద్ధమే. కాని దాని వల్ల ఒక ఆడపిల్ల కాలేజీకి వెళ్లలేకపోవడం, కుదిరిన సంబంధం తప్పిపోవడం, నలుగురిలో తలెత్తుకోలేకపోవడం అబద్ధాలు కావు. చట్టం కూడా నీ సాకును వినదు. లైంగిక దృశ్యాలను ఎలక్ట్రానిక్ రూపంలో ప్రచురించినా, పంపినా ఐటీ చట్టం 67ఎ సెక్షన్ కింద మొదటిసారికే 5 ఏళ్ల వరకు జైలు, 10 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి.

సామాజిక మాధ్యమాల అధిపతులారా, ఈనాటి సభాపతులు మీరే. ‘చోటిచ్చాం గాని మాట మాది కాదు’ అంటారు. ఐటీ చట్టం 79వ సెక్షన్ మీకు రక్షణ ఇచ్చిన మాట నిజమే. అది షరతులతో కూడిన రక్షణ. మార్ఫింగ్ చేసిన అశ్లీల చిత్రంపై బాధితురాలు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో దాన్ని తొలగించాలని 2021 నియమాలు విధించాయి. 2026 ఫిబ్రవరి సవరణలు ఆ గడువును ఇంకా కుదించాయి. అమెరికాలో 2025 మే 19న సంతకమైన చట్టం 48 గంటల గడువు పెట్టింది. అయితే గడువు చివరి నిమిషం దాకా ఆగడం ధర్మం కాదు. ఎవరి కంట ఏది పడాలో నిర్ణయించేది మీ అల్గారిథమ్. ఆ చూపుల వెల ప్రకటనల రూపంలో చేరేది మీ ఖజానాకు. లాభం పుచ్చుకున్నవాడు బాధ్యత దగ్గర పరాయివాడు కాలేడు.

చూసేవారికీ ఒక మాట. 2024లో దక్షిణ కొరియా ఇలాంటి లైంగిక డీప్‌ఫేక్‌లను తెలిసి దగ్గర ఉంచుకోవడాన్ని, చూడడాన్ని సైతం నేరం చేసి, 3 ఏళ్ల వరకు జైలు విధించింది. మన దగ్గర అంత కఠినమైన శాసనం లేదని సంతోషించకు. వాట్సాప్ గ్రూపులో వచ్చినదాన్ని ‘ఎవరో పంపారు’ అంటూ ముందుకు తోసిన చేతికి మట్టి అంటకుండా ఉండదు. ఆనాటి కౌరవుల్లో వికర్ణుడొక్కడు లేచి ఇది తప్పన్నాడు. వయసులో చిన్నవాడినని, అన్నలకు ఎదురాడరాదని ఆగలేదు. నీ స్నేహితుల మధ్య ఆ ఒక్కడివి నువ్వు కా.

పాలకులారా, మీకూ హద్దు ఉంది. ఆడపిల్ల మానరక్షణకు ఇచ్చిన కత్తిని విమర్శకుడి నాలుక మీదికి తిప్పవద్దు. శ్రేయా సింఘాల్ కేసులో 2015లో సుప్రీంకోర్టు ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను కొట్టివేసింది అది అస్పష్టంగా ఉండి భావప్రకటనా స్వేచ్ఛను హరిస్తోందనే. అనుమతి లేని నగ్నచిత్రం వేరు, మీకు నచ్చని వ్యంగ్యచిత్రం వేరు.

ఇక తల్లిదండ్రులారా, బిడ్డ ఏడుస్తూ వస్తే ముందు ఆమె ఫోను లాక్కోకండి, చదువు మాన్పించకండి, ‘ఆ ఫొటో ఎందుకు పెట్టావు’ అని నిలదీయకండి. ఆ ప్రశ్నకు భయపడే ఎందరో పిల్లలు బెదిరించేవాడికి లొంగిపోతారు. లింకు, తేదీ, ఖాతా పేరు రాసిపెట్టుకుని ఆ మాధ్యమానికి, జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌కు ఫిర్యాదు చేయండి. సిగ్గుపడవలసింది ఆమె కాదన్న మాట పోలీసు ఠాణాలో చెప్పడానికి ముందే మీ ఇంట్లో చెప్పండి.