ఆటలోని ధనము

చెల్లని నాణెమువలన ప్రయోజన మేమి? ఏమియు లేదని లోకము తడుముకొనక బదులు చెప్పును. అంగడికి కొనిపోయినచో దానికి పిడికెడు ఉప్పైనను రాదు. అయినను అట్టి నాణెములను గంటలకొలది లెక్కించుకొనుచు కూర్చుండు బుద్ధిమంతులు అనేక దేశములలో నున్నారు. వారిని పరిహసించుటకు పూర్వము వారి లెక్క యెట్టిదో విచారింతము.

అమెరికాలో 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనువారు ప్రకటించిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను క్రీడ యొకటి కలదు. నలుగురైదుగురు బల్లచుట్టు చేరుదురు. ఒకడు సూత్రధారుడై కథ నడుపును. తక్కినవారు వీరుడో, మాంత్రికుడో, దొంగయో అయి తమ పాత్ర యేమి చేయునో నోటితో చెప్పుదురు. సందేహము కలిగినచోట పాచికలు తీర్పు చెప్పును. గుహలలో వారు సంపాదించు బంగారము కాగితముపై వ్రాసిన అంకె మాత్రమే. పాచికలున్నను ఇది జూదము కాదు. ఇందు ఓడినవాని యిల్లు గుల్ల కాదు.

ఈ యాట మొదటి నిబంధనలలో, సంపాదించిన బంగారు నాణెమున కొకటి చొప్పున అనుభవాంకములు లభించెడివి. అవి పెరిగినకొలది పాత్ర బలము పెరుగును. ఈ మాట వినగానే నాలోని ఉపాధ్యాయుడు బెత్తము వెదకెను. పిల్లలకు లోభము నేర్పుటకు వేరొక బడి కావలయునా యనుకొంటిని. కాని విచారింపగా సంగతి వేరుగ కనబడెను. 1975లో వెలువడిన అనుబంధగ్రంథము రాక్షసులను చంపినందులకు వచ్చు అంకములను మిక్కిలి తగ్గించెను. అంతట వివేకియైన ఆటగానికి, రాక్షసునితో పోరుటకంటె వానిని ఏమార్చియో, బుజ్జగించియో సొమ్ము తెచ్చుకొనుటయే మేలయ్యెను. ధనాశ యిచ్చట హింసను తగ్గించినది! దేనికి బహుమాన మిత్తుమో దానినే నేర్పుదుము. మార్కులు వేయు మావంటివారు ఈ సంగతి మరువరాదు.

1989 నాటి ముద్రణలో ఆ నిబంధన ఐచ్ఛిక మయ్యెను. 2000 నాటి దానిలో మహిమగల ఆయుధములకు వెలలు కట్టి, బంగారమునకు మరల పని కల్పించిరి. 2014 నాటి దానిలో అట్టి వస్తువులు సాధారణముగ అంగడిలో దొరకవు. సామాన్యముగ బ్రదుకుటకు దినమున కొక బంగారు నాణెము చాలును. అందుచేత వీరుల సంచులు నిండును గాని, వానిని విప్పు సందర్భము అరుదు. బంగార మెందులకని ఆటగాండ్రు విసుగుకొందురు. ఆ విసుగు న్యాయమైనది.

1977లో వెలువడిన ‘ట్రావెలర్’ అను క్రీడ ఇందులకు విరుద్ధమైనది. అందు నక్షత్రములనడుమ తిరుగు నౌకను అప్పుచేసి కొనవచ్చును. నెలకు వెలలో 240వ వంతు చొప్పున 480 నెలలు చెల్లింపవలెను. వెలకు రెట్టింపు, నలువది సంవత్సరముల వాయిదా! కంతు గడువు తరుముచుండగా ఏ సరకు ఎక్కించుకొందుమా, ఏ సాహసమునకు ఒడిగట్టుదుమా యని ఆటగాండ్రు తలలు పట్టుకొందురు. లేమియే అచ్చట కథను నడుపును. అప్పులపాలైన రైతును ఎరిగిన మనకు దీనిని వేరుగ బోధింప నక్కరలేదు.

గత వేసవి సెలవులలో మా మేనల్లుడు స్నేహితులతో మా వసారాలో మొదట చెప్పిన యాట నాడుచుండెను. వాని వీరుడు 1500 నాణెముల నిండు కవచము కొనుటకై కూడబెట్టి 1460 చేర్చియుండెను. ఆ సాయంకాలము అందరిలో చిన్నవాని దొంగపాత్ర మరణించెను. గుడి పూజారి మంత్రము చదువుటకు ఒప్పుకొనెను గాని, అందులకు 500 నాణెముల వజ్రము సమర్పింపవలెను. తక్కినవా రిచ్చినది 120.

“వద్దులే అన్నా, నేను వేరే పాత్ర రాసుకుంటాను” అని చిన్నవాడు తల వంచుకొనెను.

మా వాడు చాలసేపు పలుకలేదు. పిదప 1460ని కొట్టివేసి 1080 అని వ్రాసెను. వాని చేయి తడబడుట నేను చూచితిని. పోయినది పెన్సిలుగీత గాక మరేమి? అయినను వానికి బాధ కలిగినది. బాధ కలిగినను ఇచ్చెను.

ధనమే లేనిచో సూత్రధారుడు ఆ దొంగను ఊరక బ్రదికించియుండును. మా వానికి ఇచ్చు భాగ్యము తటస్థించియుండదు. ఆటలోని ధనముయొక్క ప్రయోజన మిదియే. ఇది కావలెనన్న అది విడువవలెనని అది నిర్బంధించును. మనస్సు దేనికి ఎంత వెల కట్టినదో ఆ నిర్బంధములో బయటపడును. విడుచుటకు హేతువు లేని ధనము ఎంత పెరిగినను అంకెయే.

ఇట్లనుచు నేను నా బ్యాంకుపుస్తకమును తలచుకొంటిని. అందలి అంకెకును, మా వాని కాగితముపై అంకెకును భేద మేమి? నాది అంగడిలో చెల్లును, నిజమే. కాని పొరుగింటి పిల్లవాని పరీక్షరుసుమునకై అడిగిననాడు, చూతములే యని దాటవేసితిని. ఆ దినమున నా రూపాయలు ఎవరికి చెల్లినవి? చెల్లని నాణెముతో ఆ బాలుడు చేసిన పని, చెల్లు నాణెము లుండియు నేను చేయలేకపోతిని.

చదువరీ, చెల్లనిది నాణెమా, మనమా?