రోగికి నిజము చెప్పవలెనా?

సుశ్రుతసంహిత చికిత్సాస్థానమున మూత్రాశయములోని రాతిని తీయు ప్రకరణ మొకటి కలదు. కత్తి పట్టనిచో మరణము తప్పదు, పట్టినచో ఫలితము సంశయము. కావున ప్రభువు అనుమతి గైకొనియే పూనుకొనుమని ఆచార్యుడు వైద్యుని హెచ్చరించెను. ప్రభువనగా రాజని పెద్దలు చెప్పుదురు. రాజులు పోయిరి. ఆ అనుమతి నేడెవరి నడుగవలెను?

మా మేనమామగారు బరంపురమున బట్టల వ్యాపారి. డెబ్బదవ యేట నొప్పి లేకుండ మూత్రములో రక్తము కనబడగా, వేడి చేసినదని మజ్జిగ త్రాగి రెండు మాసములు గడిపిరి. చుట్ట మాత్రము మానలేదు. ఈ క్యాన్సరుకు పొగాకే ప్రధాన కారణమని మా యింట నప్పటికి ఎవరికిని తెలియదు. వ్రణము మూత్రాశయపు కండరములోనికి చొచ్చినదనియు, అవయవము మొత్తము తీసివేయవలెననియు కటకములో వైద్యుడు ఒరియాలో, నడుమనడుమ ఇంగ్లీషులో చెప్పెను. మామగారికి బజారు ఒరియా కొట్టినపిండి. ఆస్పత్రి ఒరియా అందలేదు. తెనిగించు పని మా మీద పడినది.

"పుండు తీసేస్తారట మామయ్యా" అంటిమి. తక్కినది మ్రింగితిమి.

తక్కినది అల్పము కాదు. ఈ వ్యాధి బయటపడినప్పుడు ఇంచుమించు నలుగురిలో ముగ్గురికి లోపలి పొరలలోనే ఉండును. మూత్రమార్గమున పరికరము పంపి గీకివేసి, అవసరమైనచో బి.సి.జి. మందు నింపి, మాటిమాటికి పరీక్షింతురు. తిరుగబెట్టు గుణము దానికి కలదు గాని ప్రాణభయము తక్కువ. కండరము చేరినచో మూత్రాశయము తీసి, చిన్నప్రేగు ముక్కతో పొట్టపై ద్వారము చేసి సంచి తగిలింతురు. 1950లో అమెరికా వైద్యుడు బ్రికర్ ప్రకటించిన పద్ధతి యిది. 2001లో లాస్ ఏంజెలిస్ వైద్యులు 1054 మంది రోగుల లెక్క ప్రకటించిరి. ఐదేండ్లకు నూటికి 68 మంది వ్యాధి తిరుగబెట్టక జీవించియుండిరి. శోషరస గ్రంథులకు ప్రాకినవారిలో 35 మందియే. శస్త్రమునకు ముందు మందులిచ్చిన మేలని 2003 నాటి పరిశోధన తేల్చెను. ఆ మందులలో నొకటియైన మెథోట్రెక్సేటు మన యల్లాప్రగడ సుబ్బారావుగారు నడిపిన పరిశోధనశాలనుండి వచ్చినదే. ఆ సంగతి నలుగురికి గర్వముగా చెప్పుకొంటిమి, మామగారికి చెప్పవలసినది మాత్రము చెప్పలేదు.

సమ్మతిపత్రముపై ఆయన చేవ్రాలు ఉన్నది. మేము చూపినచోట చేసినది. మెలకువ వచ్చి సంచి చూచుకొని, "ఇది నీకు ముందే తెలుసునా?" అని అడిగిరి. తెలుసునంటిమి. "వద్దనేవాణ్ణి కాదురా. సింహాచలం వెళ్లి వచ్చి చేయించుకునేవాణ్ణి." సంచితో గుడి మెట్లెక్కుటకు ఆయన మనసొప్పలేదు. ఆ దోషము శాస్త్రముల నెక్కడను లేదని మేమెంత వాదించినను వినలేదు.

నిజము విన్న ధైర్యము చెడునని బంధువు లందురు. అట్టివారు లేకపోలేదు. తనకు చెప్పవద్దని కోరు రోగి కోరికయు మన్నింపదగినదే. కాని కోరినది ఆయనయా, ఆయన బదులు మనమా? పరభాషల నడుమ స్థిరపడిన మన కుటుంబములలో రెండు భాషలు తెలిసినవాడు ఇంట చిన్న రాజు. సుశ్రుతుడు చెప్పిన అనుమతిని మేము ఆ పీఠమునుండి ఇచ్చివేసితిమి. దేహము మామగారిది.

పరీక్షాఫలితములు వచ్చినవి. వ్యాధి గ్రంథులకు ప్రాకినది. "ఉన్నదున్నట్టు తెలుగులో చెప్పు" అనిరి. ముప్పదియైదు సంగతి చెప్పితిమి.

"నూటికా?" అని అడిగి, దుకాణపు ఖాతా పుస్తకము తెమ్మనిరి.