ఆసుపత్రిని ప్రశ్నించేది ఎవరు?



ఒక ఆసుపత్రి మంచిదని మనం దేనినిబట్టి చెబుతాం? పేరున్న డాక్టర్లు, కొత్త యంత్రాలు, శుభ్రమైన వార్డులు. ఇవన్నీ అవసరమే. అయితే 1995లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య కళాశాలల ముందు మరొక కొలబద్ద ఉంచింది. తాము సేవ చేయవలసిన ప్రజల ముఖ్యమైన ఆరోగ్య సమస్యల వైపే వారి బోధన, పరిశోధన, సేవ సాగాలని చెప్పింది. ఆ సమస్యలేవో ప్రభుత్వమూ, వైద్య రంగమూ, ప్రజలూ కలిసి నిర్ణయించాలన్నది. దీనికే సామాజిక జవాబుదారీతనమని పేరు. ఆసుపత్రులకూ ఇది వర్తించాలి.

సరే, జవాబు చెప్పాలి. మరి అడిగేది ఎవరు?

సాటి సంస్థలవారే వచ్చి పరిశీలించటం ఒక పద్ధతి. ఇందులో న్యాయం ఉంది. వైద్యంలోని లోపం వైద్యునికే త్వరగా కనబడుతుంది. సోదరుని తప్పు దిద్దటం ప్రేమకార్యమని పునీత తోమాసు అక్వినాసు బోధించారు. క్రిందివారు సైతం మర్యాద తప్పకుండా పైవారిని దిద్దవచ్చునంటూ, పేతురును పౌలు ఎదిరించిన సంఘటనను చూపారు. కనుక తనిఖీ శత్రుత్వం కాదు.

కాని ఇందులో రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి మొగమాటం. ఈ ఏడు నేను మీ తప్పు చూడకపోతే, వచ్చే ఏడు మీరు నా తప్పు చూడరు. రెండవది ఇంకా లోతైనది. పరిశీలకులు రిజిస్టర్లు చూస్తారు. రిజిస్టరులో ఉండేది లోపలికి వచ్చినవారి పేర్లే. అడ్వాన్సు ఎంత కట్టాలో విని గేటు దగ్గరనుంచే వెనుదిరిగిన కూలీ పేరు ఏ పుస్తకంలో ఉంటుంది?

"చదువురానివారు ఆసుపత్రిని ఏం తనిఖీ చేస్తారు?" అని కొందరంటారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో ఉపాధి హామీ పనులకు సామాజిక తనిఖీ మొదలైంది. మస్టర్లలోని పేర్లు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి అడిగారు. తేలినవి అందరి ముందూ చదివారు. కూలి అందిందో లేదో చెప్పటానికి కూలీకి డిగ్రీ అక్కరలేదు. అలాగే ఆపరేషను పద్ధతిగా జరిగిందో లేదో రోగి చెప్పలేకపోవచ్చు. ఖర్చు ముందే చెప్పారా, బిల్లు వివరించారా, మనిషిగా చూశారా అన్నవి మాత్రం అతనికే తెలుసు.

మన సంస్థలకు ఇందులో మినహాయింపు లేదు. ఆస్ట్రేలియాలో డాక్టరైన సిస్టర్ మేరీ గ్లౌరీ 1920లో గుంటూరు వచ్చి రోగుల సేవలో జీవించారు. 1943లో దేశంలోని కతోలిక ఆసుపత్రులను ఒక సంఘంగా కూర్చారు. సాటివారు ఒకరినొకరు బలపరచుకోవటానికి అది మార్గమైంది. బలపరచటమంటే పొగడటం మాత్రమే కాదు, ప్రశ్నించటం కూడా. "మేము సేవ చేస్తున్నాం, మమ్మల్ని అడగటమేమిటి?" అన్న మాట ఎంత మంచి ఉద్దేశంతో అన్నా సరికాదు. సేవ ఎవరి కోసమో, లెక్క వారికే చెప్పాలి.

కనుక సాటివారు రావాలి, వారితోపాటు పేదలూ కూర్చోవాలి. మీ విచారణలో ఆసుపత్రి ఉంటే, పెద్దలారా, ఒక్క మాట అడగండి: "ఈ సంవత్సరం మన గేటు దాకా వచ్చి లోపలికి రాలేకపోయినవారు ఎవరు?"