తిల్లవనము - శేషధర్మము

తన ప్రాణమును కాచుకొనుటకై చెట్టును కాచువాడు ధర్మపరుడా, స్వార్థపరుడా? ఈ సందేహమునకు సమాధానము చిదంబర క్షేత్రమునకు చేరువలో ఉప్పునీట నిలిచియున్నది.

108 దివ్యదేశములలో నొకటియగు తిల్లై తిరుచిత్రకూటము చిదంబరముననే కలదు. అచ్చట శయనించిన గోవిందరాజస్వామిని కులశేఖరాళ్వారును, తిరుమంగై ఆళ్వారును కీర్తించిరి. తిరుపతిలోని గోవిందరాజస్వామి సన్నిధికి ఆ క్షేత్రముతో గల సంబంధమును సంప్రదాయజ్ఞు లెరుగుదురు. ఆ యూరికి పేరిచ్చిన తిల్లచెట్లు నేడు తూర్పున వెల్లారు, కొల్లిడము నదీముఖముల నడుమ గల పిచ్చావరపు మడ అడవిలో కానవచ్చును. గోదావరీముఖమున గల కోరంగి అడవియు ఇట్టిదే.

ఈ వృక్షముల నడవడి విచిత్రము. కొన్ని వేళ్లను ఊతకర్రలవలె నాటుకొని నిలుచును. కొన్ని ఊపిరికొరకు వేళ్లను బురదపైకి చాచును. కొన్నిటి విత్తనము తల్లికొమ్మపైననే మొలకెత్తి, నిలువగల బలము కలిగిన పిదపనే నీటబడును. ఈ వేళ్ల నడుమ రొయ్యపిల్లలు, చేపపిల్లలు పెరుగును. ఇరులర్లు ఆ కాలువలలో దిగి చేతులతో తడవి రొయ్యలను పట్టుదురు. చేతికందినదే వారి రాబడి. అందనిది మరునాటికి మిగులును.

ఆంగ్లేయుల కాలమునుండి 1970 దశకము వరకు ఈ అడవిని భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమును సమూలముగా నరికించిరి. నీడ తొలగిన నేల ఎండి కుంగెను. పోటునకు వచ్చిన నీరు వెనుకకు మరలక గుంటలలో నిలిచి, ఉప్పు పేరుకొనెను. అచ్చట మొక్క మొలువదాయెను. 1990 దశకమున స్వామినాథన్ పరిశోధన సంస్థయు, అటవీశాఖయు, గ్రామస్థులును కలిసి చేపముల్లువలె కాలువలు త్రవ్వి పోటునీటికి రాకపోకలు కల్పింపగా, అడవి మరల చిగిర్చెను. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు, మడచెట్ల వెనుకనున్న పల్లెలకు నష్టము తక్కువయ్యెనని పరిశీలకులు వ్రాసిరి. ఊరి ఎత్తును, సముద్రమునకు గల దూరమును గూడ గణింపవలయునని మరికొందరు పలికిరి. అదియు న్యాయమే.

ఇచ్చట పూర్వపక్షము: “వారు పొట్టకొరకు అడవిని కాచిరి, అందు పుణ్యమేమి?” సమాధానము: జగత్తు భగవంతునికి శరీరము; జీవుడు శేషుడు. యజమాని ఇంట భుజించుచు ఆ ఇంటిని కాచు సేవకుని సేవ, భుజించినంతమాత్రమున సేవ కాకపోదు. అతడు ఎంత తినెనని గాక, ఏమి మిగిల్చెనని అడుగవలయును. చేతితో తడవువాడు మిగిల్చెను. సమూలముగా నరికించినవాడు మిగులింపలేదు. రెండవవానికి శాసనము అనుమతి నిచ్చెను. కాని అనుమతి వేరు, ధర్మము వేరు.

అయినను పేదవానికి కాపలాధర్మమును ఒప్పగించి తక్కినవారు నిశ్చింతగా నుండరాదు. ఆకలి మితిమీరినచో వాడును వంటచెరకునకై గొడ్డలి పట్టును. దూరమున కూర్చుండి అడవి ఫలమును కొనువానికిని ఆ పాపమున భాగము కలదు. యజ్ఞశిష్టమును భుజించుట యనగా, నివేదించిన పిదప తినుట మాత్రమే కాదు. ఇంకను పుట్టని వారికి విడిచి తినుటయు. తిల్లై గోవిందుని సేవించి మరలు యాత్రికుడు తన యింట ఈ లెక్కను చూచుకొనినచో, ఆ సేవ సంపూర్ణమగును.