చూడదగ్గ స్థలాలు

ఆఫీసు పని మీద కోపెన్‌హేగన్ వెళ్ళినప్పుడు ఒక ఆదివారం ఖాళీ దొరికితే రైలెక్కి రోస్కిల్డె పోయాను. అరగంట ప్రయాణం. పదో శతాబ్దపు రాజు హెరాల్డ్ బ్లూటూత్ అక్కడ చర్చి కట్టించాడని చెప్తారు. మన ఫోన్లలో ఉండే బ్లూటూత్‌కి పేరిచ్చింది ఆయనే. నేను వెళ్ళింది ఆ సరదాకే. కానీ నన్ను నిలబెట్టేసింది వైకింగ్ ఓడల మ్యూజియం.

ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయ అడుగు నుంచి 1962లో వెలికితీసిన ఐదు ఓడలు అందులో ఉన్నాయి. 1070 ప్రాంతంలో శత్రువులు ఊరి మీదికి రాకుండా వాటిని దారికి అడ్డంగా ముంచేశారట. ఒకటి ముప్ఫై మీటర్ల యుద్ధనౌక, 1042లో డబ్లిన్ దగ్గర కొట్టిన ఓక్ చెక్కతో కట్టింది. చెక్క పావు వంతే మిగిలింది. మిగతా ఆకారాన్ని ఇనప చట్రంతో చూపించారు. అందంగా ఉంది. చాలా ఫోటోలు తీసుకున్నాను.

రాత్రి ఆ ఫోటోలు చూసుకుంటుంటే అనుమానమొచ్చింది. అరవై తెడ్ల ఓడని దేనికి కడతారు? ఆ కాలపు డబ్లిన్ బానిసల్ని అమ్మే రేవు. ఇలాంటి ఓడల్లోనే మనుషుల్ని కట్టి తెచ్చేవాళ్ళు. 2007లో ఈ ఓడకి నమూనా కట్టి డబ్లిన్ దాకా నడుపుకెళ్ళారు. అక్కడ డెన్మార్క్ సాంస్కృతిక మంత్రి, ఓడని చూసి గర్వపడతాం గానీ వైకింగులు ఐర్లండ్ ప్రజలకి చేసిన నష్టానికి గర్వపడం అన్న అర్థంలో మాట్లాడాడు. మంచి మాటే. కానీ నా ఫోటోల్లో ఉన్నది ఓడ ఒక్కటే.

దోపిడీకి ఎన్నేళ్ళు నిండితే అది చూడదగ్గ స్థలం అవుతుంది?

ఇది డేన్‌లని అడిగే ప్రశ్న మాత్రమే కాదు. మాది మదనపల్లె. స్కూల్లో ఉండగా గుర్రంకొండ కోటకి తీసుకెళ్ళారు. రంగిన్ మహల్ చూశాం, టిప్పు మేనమామ మీర్ రజా అలీ ఖాన్ సమాధి చూశాం, నీడలో కూర్చుని చిత్రాన్నం తిన్నాం. మరాఠాలు, హైదర్, టిప్పు, నిజాం, కంపెనీ, ఇన్ని చేతులు మారిన కోట అది. చేతులు మారిన ప్రతిసారీ కింద పల్లెల్లో గాదెలు ఏమయ్యుంటాయని మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అడగాల్సినవాళ్ళు ఎప్పుడో పోయారు. దెబ్బతిన్నవాళ్ళు లేకుండా పోయాక, కొట్టినవాడి గోడ అందంగా కనిపిస్తుంది.

మర్నాడు భోజనాల దగ్గర ఒక డేనిష్ సహోద్యోగి, “మీ ఊళ్ళో చూడ్డానికి ఏమున్నాయి?” అని అడిగాడు. హార్స్‌లీ హిల్స్ అన్నాను. గుర్రంకొండ అన్నాను. 1919లో టాగోర్ వచ్చి జనగణమనని ఇంగ్లీషు చేసిన థియోసాఫికల్ కాలేజీ గురించి, పుంగనూరు పొట్టి ఆవుల గురించి కూడా చెప్పాను. ఆరోగ్యవరం పేరు మాత్రం ఎత్తలేదు. అతని దేశంతో మా ఊరికి ఉన్న అసలు బంధం అదే.

మా వైపు దాన్ని శానిటోరియం అంటారు. 1915లో కొన్ని మిషన్లు కలిసి క్షయరోగులకోసం కట్టిన ఆస్పత్రి. మొదటి సూపరింటెండెంట్ క్రిస్టియన్ ఫ్రిమోడ్ట్-మోలర్ అనే డేనిష్ డాక్టరు. ఆయన కొడుకు జొహానెస్ 1950 నుంచి 1955 దాకా చుట్టుపక్కల పల్లెల్లో క్షయ మీద అధ్యయనం చేశాడు. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే.

మా అమ్మ వాళ్ళది పుంగనూరు. యాభైల్లో మా తాత దాదాపు రెండేళ్ళు ఇంట్లో లేడు. కుప్పంలో మండీలో లెక్కలు రాస్తున్నాడని అందరికీ చెప్పారు. నేనూ అదే వింటూ పెరిగాను. ఇంజినీరింగ్‌లో ఉండగా ఒకసారి తాత కుప్పం కబుర్లు చెప్పమంటే అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “కుప్పం లేదు, ఏం లేదు. శానిటోరియంలో ఉండె. ఆడపిల్లలున్న ఇల్లు నాయనా, ఆ మాట బయట అనబాక” అంది. మా అమ్మ పుట్టింది తాత తిరిగొచ్చాకే.

ఆ భయాన్ని ఎగతాళి చెయ్యలేను. గాలితో అంటే రోగం, మందులు అప్పుడప్పుడే వస్తున్న కాలం. ఇంట్లో ఉండి మందులు వాడినా శానిటోరియంలో ఉన్నంత బాగా నయమవుతుందని మద్రాసు అధ్యయనం 1959లో గానీ తేల్చలేదు. పైగా ఆస్పత్రి కోట కాదు. రోగుల్ని చూడ్డానికి టికెట్టు పెట్టాలని నేననట్లేదు. మిషనరీ వైద్యం వెనక మత ప్రచారం లేదా అంటే, ఉంది. ఓడలో వడ్రంగి పనితనాన్నీ దోపిడీనీ కలిపి చూడాలన్నవాణ్ణి, ఇక్కడా రెండూ కలిపే చూడాలి.

కానీ చూపించకపోవడం వేరు, దాచడం వేరు. ఊళ్ళు కొల్లగొట్టినవాళ్ళ వారసులమని చెప్పుకోవడానికి మనుషులకి పెద్దగా సిగ్గుండదు. ఒకరి చేతిలో బతికి బయటపడ్డవాళ్ళ వారసులమని చెప్పుకోవాలంటే మాత్రం గొంతు తగ్గిపోతుంది. కోట ముందు నిలబడితే మనమూ కొంచెం ఎత్తు పెరిగినట్టుంటుంది. ఆస్పత్రి ముందు నిలబడితే, ఒకప్పుడు మనవాడికి ఊపిరి ఆడలేదని గుర్తొస్తుంది. చూడదగ్గ స్థలాల పట్టిక ఇలాగే తయారవుతుందనుకుంటాను.

ఆ సహోద్యోగికి తర్వాత మెయిల్‌లో అంతా రాశాను. ఆ డాక్టరు పేరు అతనెప్పుడూ వినలేదట. అమ్మకి చెప్తే, “ఇప్పుడెందుకురా ఆ సంగతి?” అంది.

ఆ ప్రశ్నకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. అవ్వ వద్దన్న మాట ఇవాళ బయట అనేశాను. తాతని అడగలేదు, అడగడానికి ఆయన లేడు. కాదనేవాళ్ళు పోయాక మాట్లాడ్డం తేలికని పైన నేనే రాశాను. అది నాకూ వర్తిస్తుంది.