నోరు తెరువమ్మా

వాక్యభాగం: కీర్తనలు 139

పిత్తాశయంలో రాళ్లున్నాయంటే పాలకీడు నుంచి మా పెద్దమ్మను ఆపరేషన్‌కు మిర్యాలగూడ తీసుకుపోయాం. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరమ్మ వచ్చి ఆమెను మంచం మీద నిటారుగా కూర్చోబెట్టింది. "నోరు పెద్దగా తెరిచి నాలుక బయటికి చాపమ్మా. 'ఆ' అనొద్దు."

పెద్దమ్మకు అనుమానం. "నొప్పి కడుపుల గదా బిడ్డా, నోట్ల ఏం జూస్తవ్?"

చూసేది కొండనాలుకను. పూర్తి మత్తు ఇచ్చాక మనిషి తన ఊపిరి తాను తీసుకోలేడు. గొంతులోంచి శ్వాసనాళంలోకి గొట్టం వేసి ఊపిరి అందించాలి. అందుకు దొరికేది కొద్ది నిమిషాలే. కొండనాలుక పూర్తిగా కనబడితే గొట్టం సులువుగా పడే అవకాశం ఎక్కువ. గట్టి అంగిలి ఒక్కటే కనబడితే వేరే ఏర్పాట్లు ముందే చేసుకోవాలి. ప్రపంచమంతటా ఈ పరీక్షను మన తెలుగు ఇంటిపేరుతోనే పిలుస్తారు. గుంటూరు వైద్య కళాశాలలో చదివి అమెరికా వెళ్లిన డాక్టర్ మల్లంపాటి శేషగిరిరావు, 210 మంది రోగులను పరిశీలించి 1985లో దీన్ని ప్రచురించారు. ఇదొక్కటే చాలదు కాబట్టి డాక్టరమ్మ ఇంకా చూసింది: నోట్లో మూడు వేళ్లు పడతాయా, మెడ వెనక్కి వంగుతుందా, రాత్రి గురక పెడుతుందా.

"కదిలే పళ్లున్నాయా?"

"లేవు" అంది పెద్దమ్మ, చప్పున.

డాక్టరమ్మ వేలు ఆనించగానే పై పన్ను ఒకటి ఊగింది. ఆపరేషన్ వాయిదా పడుతుందేమోనని దాచింది, పిచ్చితల్లి. గొట్టం వేసేటప్పుడు ఆ పన్ను ఊడి శ్వాసనాళంలోకి జారవచ్చు. ఆ డాక్టరమ్మ కోప్పడలేదు. కేసు షీటులో రాసుకుని, పెద్దమ్మ భుజం తట్టి వెళ్లింది.

ఆ రాత్రి వరండాలో కూర్చుని 139వ కీర్తన తీశాను. తన లోపలంతా వెతికి చూడమని దావీదు తానే దేవుణ్ణి అడుగుతాడు. నేనో? ఎన్ని ప్రార్థనల్లో "లేవు" అని చప్పున అనేశానో! ఊగే పన్ను మీద వేలు పెట్టేవాడు దెబ్బ కొట్టడానికి రాలేదు, నా ప్రాణం కాయడానికే వచ్చాడు.

మట్టి మనిషి ముక్కులో దేవుడు ఊదిన ఊపిరి రేపు కాసేపు ఆ డాక్టరమ్మ చేతుల్లో ఉంటుంది. అప్పటిదాకా ఆపరేషన్ కోసమే ప్రార్థించినవాణ్ణి, ఆమె కళ్ల కోసం, వేళ్ల కోసం ప్రార్థించాను.

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ ఉంటే కట్టుడు పళ్లు, గురక, ఇంతకుముందు మత్తు ఇచ్చినప్పుడు పడిన ఇబ్బంది, ఏదీ దాచకుండా చెప్పండి. ఈ రాత్రి ప్రార్థనలో మత్తు డాక్టర్లను కూడా తలచుకోండి.