ఓటు లేని పీఠం

ఐక్యరాజ్యసమితిలో 193 సభ్య దేశాలున్నాయి. వాటి సరసనే, ఓటు లేని శాశ్వత పరిశీలక హోదాలో, 1964 నుంచి కాథలిక్ చర్చి అధిపీఠమైన హోలీ సీ కూర్చుంటోంది. దాని ఏలుబడిలోని వాటికన్ అర చదరపు కిలోమీటరైనా ఉండదు.

దేశాల సభలో మతానికి చోటుండాలా?

1994లో కైరోలో జరిగిన జనాభా సదస్సులో ఈ ప్రశ్న పదునెక్కింది. గర్భస్రావం ప్రస్తావనలను హోలీ సీ గట్టిగా ప్రతిఘటించింది. ఆ మాటలు కోట్లాది స్త్రీల ఆరోగ్యానికి సంబంధించినవి. వారిలో ఎక్కువమంది కాథలిక్కులు కారు. ఒక మతం తన భక్తులకు విధించుకున్న నియమం అందరి ఒప్పందంలోకీ రావడం న్యాయం కాదు.

అయితే 2017 సంగతీ చూడాలి. అణ్వాయుధ నిషేధ ఒప్పందం చర్చలకు అణ్వాయుధ దేశాలేవీ రాలేదు. భద్రతా మండలిలో వీటో అధికారమున్న ఐదూ వాటిలోనివే. సెప్టెంబర్ 20న ఒప్పందం సంతకాలకు తెరుచుకుంది. ఆ రోజే దాన్ని ధ్రువీకరించిన మూడింటిలో గయానా, థాయ్‌లాండ్‌లతో పాటు హోలీ సీ ఉంది. క్షిపణులు లేని పీఠం, అవి ఉన్నవారు పలకలేని మాట పలికింది. అలాంటి గొంతు ఆ సభకు అవసరమే.

కానీ ఒక్క మతానికేనా? మౌంట్ ఆబూ కేంద్రంగా ఉన్న బ్రహ్మకుమారీలు అక్కడ స్వచ్ఛంద సంస్థగా, సంప్రదింపుల హోదాతోనే మాట్లాడగలరు. హిందూ, బౌద్ధ, సిక్కు ధర్మాలకు రాజ్యహోదా ఉన్న పీఠం లేదు కాబట్టి వాటి అంతరాత్మ తక్కువదైపోదు.